డుంగాన్ల ఇంట భోజనానికి పిలుపు వస్తే: బిష్కెక్‌కు చదువుకోను వెళ్ళే కర్నూలు విద్యార్థులకు

కర్నూలు, నంద్యాల, ఆదోని ప్రాంతాల నుంచి వైద్య విద్య కోసం కిర్గిజ్‌స్థాన్‌కు వెళ్ళే పిల్లల చేతికి కన్సల్టెన్సీలు ఫీజుల పట్టికనూ, హాస్టల్ ఫోటోలనూ, చలిబట్టల జాబితానూ ఇచ్చి పంపుతాయి. ఆ దేశంలో కిర్గిజ్ వారు, రష్యన్లు ఉంటారన్న సంగతి వరకు ఎవరో ఒకరు చెబుతారు. కానీ అక్కడ కాలు పెట్టిన కొద్ది నెలలకే, తరగతి గదిలోనో, అద్దె ఇంటి యజమానురాలి రూపంలోనో, రాజధాని బిష్కెక్‌లోని ఓష్ బజారు కూరగాయల అంగడిలోనో, చూపుకు చైనా వారిని తలపించే మనుషులు ఎదురై, అస్సలాము అలైకుమ్ అని పలకరించి, మనతో రష్యన్‌లో బేరమాడి, తమలో తాము మాత్రం ఈ రెంటికీ సంబంధం లేని మరో భాషలో మాట్లాడుకోవడం చూసి మన పిల్లలు తికమక పడతారు. వీరు డుంగాన్లు. దేశ జనాభాలో వీరి వాటా సుమారు ఒక శాతమే అయినా, బిష్కెక్ ఉన్న చూయ్ లోయలో వీరి ఊళ్ళు దగ్గర దగ్గరగా ఉండడం వల్ల, ఐదారేళ్ళు అక్కడ చదివే విద్యార్థికి వీరితో పరిచయం కలగడం చాలా సహజం. పరిచయం కలిసిన తరువాత ఇంటికి భోజనానికి పిలవడం వారికి మర్యాదలో మొదటి మెట్టు. ఆ పిలుపును అందుకొని, అతిథిగా వెళ్ళి, నొప్పించకుండా, నొచ్చుకోకుండా తిరిగి రావడం ఎలాగో ఇక్కడ వివరిస్తున్నాను.

వారెవరో ముందుగా తెలుసుకోండి

చైనాలోని షాన్‌శీ, గాన్సూ ప్రాంతాలలో 1862లో చైనా భాష మాట్లాడే హుయ్ ముస్లింలు, అప్పుడు చైనాను ఏలుతున్న చింగ్ వంశపు రాజ్యంపై తిరగబడ్డారు. ఆ తిరుగుబాటును చింగ్ సేనలు 1877 నాటికి పూర్తిగా అణచివేయగా, మిగిలిన వారిలో కొందరు 1877–78 చలికాలంలో, మంచు కప్పిన తియాన్‌షాన్ పర్వతాల కనుమలను పిల్లాపాపలతో దాటి, అప్పటి రష్యన్ సామ్రాజ్యంలోకి వచ్చి పడ్డారు. షాన్‌శీ నుంచి వచ్చిన వారికి బాయ్ యాన్‌హూ నాయకుడు. ఆయన గుంపు బిష్కెక్‌కు తూర్పున ఉన్న తొక్మోక్ పరిసరాలకు చేరగా, గాన్సూ నుంచి వచ్చిన వారు ఇస్సిక్ కుల్ సరస్సుకు తూర్పున ఉన్న కరకోల్ వైపు చేరి ఇర్దిక్ అనే ఊరు కట్టుకున్నారు. 1880ల తొలి సంవత్సరాలలో ఈలీ లోయ నుంచి మరికొందరు వచ్చి బిష్కెక్‌కు పడమరగా అలెక్సాంద్రోవ్‌కాలో స్థిరపడ్డారు. ఇప్పటి కజక్‌స్థాన్‌లో, తొక్మోక్‌కు ఎదురుగా చూ నదికి ఆవలి ఒడ్డున ఉన్న మసాంచీ, సోర్తోబే గ్రామాలు కూడా వీరివే. ఇంట్లో వీరు మాట్లాడేది చైనా భాషా కుటుంబానికి చెందిన భాషే అయినా, 1950ల నుంచి దానిని సిరిలిక్ లిపిలో రాస్తున్నారు. ప్రభుత్వ కాగితాలలో డుంగాన్లని ఉన్నప్పటికీ, తమను తాము హుయ్ ప్రజలుగానే చెప్పుకొంటారు. మతరీత్యా హనఫీ సున్నీలు, అంటే కర్నూలు పాతబస్తీలోని ముస్లింలలో ఎక్కువమంది పాటించే సంప్రదాయమే వారిదీనూ.

ఇంత చరిత్ర ఎందుకంటే, ఈ సంగతి తెలియని విద్యార్థి మొదటి మాటగా “మీరు చైనా వారా?” అని అడుగుతాడు. కొందరు నవ్వి ఊరుకుంటారు, కొందరి ముఖం ముడుచుకుంటుంది. తమ ముత్తాతలు ఏ రాజ్యం నుంచి ప్రాణాలు చేతపట్టుకొని వచ్చారో ఆ రాజ్యం పేరుతో తమను గుర్తించడం వారికి రుచించదు. కిర్గిజ్ వారని అనడమూ అంతే పొరపాటు. తెలియకపోతే, “మీ ఇంట్లో ఏ భాష మాట్లాడతారు?” అని అడగడం మేలు. దానికి వచ్చే జవాబులోనే మిగతా వివరాలన్నీ దొరుకుతాయి.

ఒప్పుకొనే ముందు

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసినది తిండి సంగతి. డుంగాన్ల వంటలో గొడ్డు మాంసానికీ, గొర్రె మాంసానికీ పెద్ద పీట. పంది మాంసం వారు ముట్టరు. మన పిల్లలలో గొడ్డు మాంసం తినని వారు, అసలు మాంసమే తినని వారు చాలామంది ఉంటారు గదా, వారు ఈ సంగతిని భోజనం ముందు కూర్చున్నాక బయటపెట్టడం, లేదా కడుపునొప్పి అని సాకు చెప్పడం రెండూ తగవు. సాకు చెబితే ఆ ఇంటి పెద్దావిడ మందు కాచి తెస్తుందే తప్ప వదిలిపెట్టదు. పిలిచిన రోజే, నిలకడగా, “యా నే యెమ్ గవ్యాదిను” అని రష్యన్‌లో చెబితే గొడ్డు మాంసం తిననని అర్థమవుతుంది. మాంసమే తినని వారు “యా నే యెమ్ మ్యాసా” అనాలి. అది మా ఇంటి ఆచారం, మా మతాచారం అని ఒక మాట కలిపితే చాలు. తామే ఒక మాంసాన్ని మత నియమంగా వదిలిన వారు కనుక, ఎదుటివారి నిషేధాన్ని డుంగాన్లు ఇట్టే అర్థం చేసుకుంటారన్నది నా అనుభవం. నిజానికి ఈ విషయంలో వారికంటే మన హాస్టళ్ళలోని తోటి భారతీయులే ఎక్కువ వాదిస్తారు.

శాకాహారులు మరొక చిక్కును గుర్తుంచుకోవాలి. ఆ ప్రాంతంలో మాంసం ముక్కలు తీసివేస్తే అది శాకాహారమైపోయిందని చాలామంది భావిస్తారు. కూరగాయలు వేగేది గొర్రె కొవ్వులో కావచ్చు, పులుసుకు ఆధారం ఎముకల రసం కావచ్చు. కాబట్టి “బేజ్ మ్యాసా”, అంటే మాంసం లేకుండా, అంటే సరిపోదు, “బేజ్ బుల్యోనా”, అంటే మాంసపు రసం కూడా లేకుండా, అని చెప్పాలి. అంత పట్టింపు ఉన్నవారికి రొట్టె, టీ, పండ్లు, టమోటా దోసకాయ ముక్కలు, గింజలు ఎలాగూ పుష్కలంగా ఉంటాయి. వాటితో కడుపు నింపుకోవచ్చునని ముందే మనసు సిద్ధం చేసుకొని వెళ్ళడం మంచిది.

ఎవరితో వెళ్ళాలన్నది తరువాతి ప్రశ్న. ఒక్కరిని పిలిస్తే ఒకరో ఇద్దరో వెళ్ళవచ్చు, అదీ అడిగి. గదిలోని వారందరినీ వెంటేసుకుపోతే వారు కాదనరు కానీ, ఆ ఇంటి ఆడవారు పొద్దుటి నుంచి పొయ్యి దగ్గరే నిలబడవలసి వస్తుంది. ఆడపిల్లలు మరొక స్నేహితురాలితో కలిసి వెళ్ళాలి. 2024 మే 17 రాత్రి బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల హాస్టళ్ళపై అల్లరి మూకలు దాడులు చేసిన తరువాత, భారత రాయబార కార్యాలయం మన పిల్లలను గదులు దాటి బయటికి రావద్దని కోరవలసి వచ్చింది. అప్పటి ఉద్రిక్తత చల్లారినా, ఎవరింటికి వెళుతున్నారో హాస్టల్‌లో ఒకరికి చెప్పడం, చిరునామా వారి ఫోన్‌కు పంపడం, పాస్‌పోర్టు నకలు వెంట ఉంచుకోవడం, చీకటి పడకముందే తిరుగు ప్రయాణం పెట్టుకోవడం అలవాటుగా చేసుకోవాలి. అలెక్సాంద్రోవ్‌కాకు, డుంగాన్ల మరో ఊరైన మిల్యాన్‌ఫాన్‌కు నగరం నుంచి మర్ష్రూత్కాలనే చిన్న బస్సులు తిరుగుతాయి. సాయంత్రం వాటి కోసం నిలబడడం కంటే ఫోన్‌లో టాక్సీ పిలుచుకోవడం తేలిక.

ఒట్టి చేతులతో వెళ్ళకూడదన్నది మనకూ వారికీ ఒకే రీతి. మిఠాయి, పండ్లు, మంచి టీపొడి తీసుకువెళ్ళవచ్చు. ఇంటి నుంచి తెచ్చుకున్న శెనక్కాయల పప్పుండలు మిగిలి ఉంటే వాటిని మించిన కానుక లేదు, వేరుశెనగ వారికీ తెలిసినదే. మద్యం సీసా మాత్రం డుంగాన్ల ఇంటికి తీసుకువెళ్ళరాదు. రష్యన్ సహపాఠి ఇంట చెల్లే మర్యాద ఇక్కడ అవమానం అవుతుంది. పువ్వులు తీసుకువెళితే బేసి సంఖ్యలో ఉండాలి, ఎందుకంటే పూర్వ సోవియట్ దేశాలలో సరి సంఖ్య పువ్వులు చావు ఇంటికి తీసుకువెళ్ళేవి.

గడప దాటాక

చెప్పులు వాకిట్లో విడవడం మనకు ఒకరు నేర్పనక్కరలేదు, కాకపోతే చలికాలంలో చిరిగిన మేజోళ్ళు వేసుకోకుండా చూసుకోవాలి. మగవారు మగవారితో కరచాలనం చేస్తారు. ఆడవారు తామై చేయి చాస్తే తప్ప మగపిల్లలు చేయి చాచకుండా, కుడి చేయి గుండెపై ఉంచి తల వంచితే గౌరవంగా ఉంటుంది. గుమ్మానికి దూరంగా, గదిలో ఎదురు గోడ వైపున్న చోటు పెద్దలది, కాబట్టి చూపించేవరకు నిలబడి ఉండి, చూపించిన చోట కూర్చోవాలి. అతిథి అన్న మన్ననతో మిమ్మల్నే అక్కడ కూర్చోమంటే ఒకసారి మొహమాటపడి, తరువాత కూర్చోవచ్చు. పాత ఇళ్ళలో కాంగ్ అనే వెడల్పాటి ఎత్తు అరుగు ఉంటుంది. కిందనుంచి వేడి తగిలేలా కట్టిన ఆ అరుగు మీద కాళ్ళు మడుచుకొని కూర్చోవాలి. నేల మీద బాసింపట్టు వేసుకొని తిన్న అలవాటున్న వారికి ఇది సుఖమే.

చేతులు కడుక్కోవడానికి ఎవరైనా నీళ్ళు పోస్తే, కడుక్కున్న తరువాత చేతులు విదిలించకుండా తువ్వాలుతో తుడుచుకోవాలి. గుండ్రటి రొట్టె అక్కడ అన్నమంత పవిత్రం. దానిని బోర్లా పెట్టకూడదు, నేల మీద పడవేయకూడదు, పెద్దవారు తుంచి పంచేదాకా ముట్టకూడదు. పిడి లేని చిన్న గిన్నెలో టీ సగమే పోసి ఇస్తారు. మధ్య ఆసియా అంతటా అది గౌరవ లక్షణం, మళ్ళీ మళ్ళీ పోసే అవకాశం తమకు ఇవ్వమని దాని భావం. పిసినారితనమనుకొని నొచ్చుకున్న వారు ఉన్నారు. తాగడం చాలనుకున్నప్పుడు గిన్నెపై చేయి అడ్డంగా ఉంచితే అర్థం చేసుకుంటారు.

భోజనంలో చేత్తో సాగదీసి చేసే లగ్మాన్ నూడుల్స్ తప్పక ఉంటాయి. పిండి ముద్దను పొడవుగా సాగదీసి, మడిచి, మళ్ళీ సాగదీసే ఆ పనిని వంటింట్లోకి పిలిచి చూపిస్తే తప్పకుండా చూడండి, ఒకసారి చేయి కలపమంటే వెనుకాడకండి. మన పిల్లల చేతిలో అది తెగిపోవడం చూసి ఇంటిల్లిపాదీ నవ్వుతారు, ఆ నవ్వుతో సగం బెరుకు పోతుంది. చాప్‌స్టిక్స్ పట్టడం రాకపోతే ఫోర్కు అడగడంలో సిగ్గుపడవలసింది లేదు. కరకోల్ వైపు పేరు మోసిన అష్ల్యాన్‌ఫూ అన్నది చింతకాయంత పులుపు పట్టిన చల్లని వంటకం: నూడుల్స్‌కు గంజిపిండితో చేసిన జెల్లీ ముక్కలు, వెనిగర్ పులుసు, గుడ్డు చేరుతాయి. మాంసం సాధారణంగా కనిపించకపోయినా అడిగి తెలుసుకోవాలి. కర్నూలు వారికి ఆ భోజనంలో అన్నిటికంటే దగ్గరగా తోచేది లాజా. ఎండుమిరప కారంలో వెల్లుల్లి చేర్చి మరిగే నూనె పోసి చేసే ఈ పచ్చడిని చిన్న గిన్నెలో పక్కన పెడతారు. మనవాళ్ళు దానిని ధారాళంగా వడ్డించుకోవడం చూసి ఆ ఇంటివారు మొదట కంగారు పడి, తరువాత మురిసిపోతారు. రుచి లేని హాస్టల్ భోజనానికి విసిగిన పిల్లలు ఓష్ బజారులో లాజా ఎక్కడ దొరుకుతుందో అప్పుడే అడిగి తెలుసుకోవడం వివేకం.

పళ్ళెం ఖాళీ అయితే మళ్ళీ వడ్డిస్తారు. కాబట్టి మొదట తక్కువ తిని, రెండోసారికి చోటు ఉంచుకోవాలి. భోజనం ముగిశాక పెద్దవారు అరచేతులు ముఖం మీదుగా దించుకుంటూ దువా చేసేటప్పుడు, ఏ మతం వారైనా మాట్లాడకుండా చేతులు ఒడిలో ఉంచుకొని కూర్చుంటే చాలు. ముస్లిం విద్యార్థులు సహజంగానే వారితో కలుస్తారు. అయితే మన దక్కనీ ఉర్దూ అక్కడ పనికివస్తుందన్న ఆశ పెట్టుకోవద్దు, సలాము తరువాత మాట సాగాలంటే రష్యన్ రావలసిందే.

మాట కలిపే దారి

రాజ్ కపూర్, మిథున్ చక్రవర్తి పేర్లు సోవియట్ కాలం నుంచి అక్కడి పెద్దలకు కంఠస్థం. భారతదేశం అనగానే హిందీ పాట పాడమంటారు, మాకు తెలుగు సినిమా అని ఒకటి ఉందని వివరించేలోగానే చప్పట్లు మొదలవుతాయి. పాడగలిగితే పాడండి. కానీ ఆ మాట పది నిమిషాలకు మించి సాగదు. తరువాత ఏం మాట్లాడాలో తెలియక ఫోన్ చూసుకుంటూ కూర్చునే పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే: పంటల గురించి అడగండి.

డుంగాన్లు తరతరాలుగా తోట పంటల రైతులు. ఉల్లి, వెల్లుల్లి, టమోటా, దోస, మిరప, జుసాయ్ అనే వెల్లుల్లి వాసన గల ఆకుకూర వారి ఊళ్ళ నుంచే బిష్కెక్ బజార్లకు వస్తాయి. తియాన్‌షాన్ మంచు కరిగిన నీరు కాలువలుగా చూయ్ లోయను తడుపుతుంది, వంతుల ప్రకారం నీళ్ళు పెట్టుకోవడం, పై పొలం వాడు ఎక్కువ వాడేశాడన్న తగవులు అక్కడా ఉన్నాయి. కె.సి. కాలువ కింద, తుంగభద్ర దిగువ కాలువ కింద పుట్టి పెరిగిన పిల్లవాడికి దీనికంటే చేరువైన విషయం ఏముంటుంది? కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి ధర పడిపోయినప్పుడు రైతులు గడ్డలను రోడ్డు మీద పారబోసిన సంగతి, పత్తికొండ టమోటా ఒక వారం బంగారమై మరో వారం పశువుల పాలయ్యే సంగతి చెప్పి చూడండి. నోరు మెదపకుండా కూర్చున్న ఇంటి పెద్దాయన తన వెల్లుల్లి లెక్కలు విప్పుతాడు. రష్యన్ మాటలు చాలకపోతే ఫోన్‌లో పొలం ఫోటోలు చూపించవచ్చు. నాన్నగారు నాగలి పట్టిన ఫోటో, పెళ్ళిలో సూటు వేసుకున్న ఫోటో రెండూ ఉంటే మొదటిదే చూపించండి. మా పిల్లలు వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చామని చెప్పుకోవడానికి ఎందుకో తటపటాయిస్తారు, ఆ ఇళ్ళలో మాత్రం దానికి ఉన్నంత విలువ డాక్టరు కోర్సుకు కూడా లేదు.

భాషల గురించి కూడా ధారాళంగా మాట్లాడవచ్చు. ఇంట్లో ఒక భాష, బడిలో మరొకటి, కచేరీలో ఇంకొకటి మాట్లాడవలసి రావడం వారి నిత్య జీవితం. ఆదోని, ఆలూరు వైపు కన్నడం మాట్లాడే కుటుంబాలు, తండాలలో లంబాడీ భాష మాట్లాడే కుటుంబాలు తెలుగు బడికి పిల్లలను పంపుతున్నాయని చెబితే, మన జిల్లా ఎలాంటిదో వారికి కళ్ళకు కట్టినట్టు అర్థమవుతుంది. మీరే అటువంటి కుటుంబం నుంచి వచ్చి ఉంటే దాచుకోకండి.

కొన్ని విషయాలను మాత్రం మీరుగా కదపకూడదు. 2020 ఫిబ్రవరిలో కజక్‌స్థాన్‌లోని మసాంచీ పరిసరాలలో జరిగిన అల్లర్లలో 11 మంది మరణించారు, వేలాది డుంగాన్లు సరిహద్దు దాటి కిర్గిజ్‌స్థాన్‌లోని బంధువుల ఇళ్ళలో తలదాచుకున్నారు. మీరు వెళ్ళిన ఇల్లు అప్పుడు ఎవరికో ఆశ్రయమిచ్చిన ఇల్లే కావచ్చు. దేశానికి దక్షిణాన ఉన్న ఓష్ నగరంలో చదివే వారు ఉజ్బెక్ ఇళ్ళకు వెళ్ళినప్పుడు 2010 జూన్ అల్లర్ల విషయంలోనూ ఇదే జాగ్రత్త పాటించాలి, ఆ ఘర్షణలలో 400కు పైగా ప్రాణాలు పోయాయి. పెద్దవారు తామై చెబితే మధ్యలో అడ్డురాకుండా వినాలి. మంచులో కనుమలు దాటిన తమ వంశం కథ చెబుతుంటే, మా ఊరికీ 2009లో వరద వచ్చింది అని వెంటనే అందుకోవడం మంచి పద్ధతి కాదు. మీ కథ వారు అడిగినప్పుడు చెప్పవచ్చు. కిర్గిజ్ వారు ఎలాంటి వారు, చైనా ప్రభుత్వం ఎలాంటిది అని వారి చేత తీర్పు చెప్పించే ప్రశ్నలు అసలే వద్దు. మీరు ఐదారేళ్ళలో వెళ్ళిపోతారు, వారు అదే వీధిలో బతకాలి.

వారు కూడా మనల్ని ఇబ్బంది పెట్టే ప్రశ్నలు అడుగుతారు. పెళ్ళయిందా, నాన్న జీతం ఎంత, ఆవును ఎందుకు పూజిస్తారు, మీ దేశంలో ముస్లింలు ఎలా ఉన్నారు అన్నవి అందులో తరచు వినబడేవి. మొదటి రెండూ మన ఊళ్ళో రైలు పెట్టెలో పక్కనున్నవారు అడిగేవే. చివరి రెంటికీ తెలిసినంతవరకు, మా ఊళ్ళో ఇలా ఉంటుంది అని చూసింది చెప్పాలి తప్ప, దేశం తరఫున ఉపన్యాసం ఇవ్వరాదు.

ఫోటోల విషయంలో ముందు అనుమతి అడగాలి, ముఖ్యంగా ఇంటి ఆడవారివి తీసేటప్పుడు, మరీ ముఖ్యంగా వాటిని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేటప్పుడు. పెళ్ళికి పిలుపు వస్తే పెళ్ళికూతురు చింగ్ కాలపు తీరులో కుట్టుపని చేసిన పట్టు దుస్తులు, ప్రత్యేకమైన కొప్పుతో కనిపిస్తుంది. అక్కడ అందరూ ఫోటోలు తీస్తారు కనుక మీరూ తీయవచ్చు.

మీ వంతు వచ్చినప్పుడు

తిరిగి పిలవకపోతే సంబంధం అక్కడితో ఆగిపోతుంది. హాస్టల్ గదిలో కుదరకపోతే, అద్దె ఇంట్లో ఉన్న సీనియర్ల వంటింటిని అడగవచ్చు. మాంసం వండితే హలాల్ దుకాణంలో కొనాలి, పంది మాంసం వండిన గిన్నెలు వాడకూడదు, ఆ పూట మద్యం సీసాలు కనబడకూడదు. ఈ మూడూ ముందే వారికి చెబితే నిశ్చింతగా తింటారు. చిత్రాన్నం, శెనక్కాయల పొడి, కోడికూర వారికి బాగా నచ్చుతాయి. కారం దోసె వేయాలనుకుంటే చలికాలంలో పిండి పులవదేమోనన్న భయం అక్కరలేదు, గోడకున్న రేడియేటర్ పక్కన రాత్రంతా ఉంచితే కర్నూలు ఎండాకాలంలో లాగే పొంగుతుంది, గిన్నె కింద పళ్ళెం పెట్టడం మరవవద్దు. రంజాన్ నెలలో అయితే భోజనాన్ని ఇఫ్తార్ వేళకు పెట్టుకోవాలి. ఒరోజో ఆయిత్ (రంజాన్), కుర్మాన్ ఆయిత్ (బక్రీద్) పండుగలకు ఫోన్ చేసి శుభాకాంక్షలు చెబితే, మరుసటి ఏడు పిలవకుండానే ఇంటికి వెళ్ళేంత చనువు ఏర్పడుతుంది.

సెలవులలో ఇస్సిక్ కుల్ వైపు వెళ్ళేవారు కరకోల్‌లో 1910లో పూర్తయిన డుంగాన్ మసీదును చూడవచ్చు. ఇనుప మేకులు వాడకుండా కట్టిన ఈ చెక్క కట్టడం దూరం నుంచి చూస్తే బౌద్ధాలయమనిపిస్తుంది. నమాజు వేళలు కానప్పుడు వెళ్ళాలి, ఆడపిల్లలు తల కప్పుకోవాలి. ఆ పక్కనే ఉన్న ఇర్దిక్‌లో కొన్ని కుటుంబాలు యాత్రికులకు భోజనం పెట్టడం జీవనోపాధిగా చేసుకున్నాయి. బిష్కెక్‌లో స్నేహితుడి ఇంట డబ్బు ఇవ్వబోవడం ఎంత తప్పో, ఇర్దిక్‌లో ఇవ్వకుండా లేచి రావడం అంత తప్పు, కాబట్టి ఎంతమంది వస్తున్నారు, శాకాహారులెందరు, మనిషికి ఎన్ని సోములు (అక్కడి డబ్బు) అన్నవి ముందురోజే ఫోన్‌లో మాట్లాడుకొని వెళ్ళండి.